సంచి మీద పేరు ఎవరిది?



ట్రేడ్‌మార్కుల గురించి రైతు సంఘం పత్రికలో రాయడానికి ఏముంటుందని మీలో కొందరు పేజీ తిప్పేయవచ్చు. కాస్త ఆగండి. మన కల్లంలో మిర్చికి పలికే ధరకూ, పట్నంలో కారం ప్యాకెట్ మీద ఉన్న ధరకూ మధ్య తేడా ఎవరి జేబులోకి పోతోందో తెలియాలంటే, ఆ ప్యాకెట్ మీద పేరు ఎవరి సొత్తో ముందు తెలియాలి.

మొన్న మా డివిజన్ కమిటీ సమావేశానికి ఒక మిత్రుడు పేపరు కటింగ్ ఒకటి తెచ్చాడు. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ 2024 నవంబరులో ఇచ్చిన నివేదిక గురించిన వార్త అది. 2023లో ట్రేడ్‌మార్కుల కోసం వచ్చిన దరఖాస్తుల్లో మన దేశం ప్రపంచంలో నాలుగో స్థానంలో ఉందట. ఆ దరఖాస్తుల్లో నూటికి దాదాపు 90 దేశంలో ఉంటున్నవాళ్ళు పెట్టినవేనట. అంటే విదేశీ కంపెనీల పేర్లు కావు, మనవాళ్ళవే. ఇంకా ఏ రంగం వాటా ఎంతో కూడా ఇచ్చారు. ఆరోగ్యం 21.9 శాతం, వ్యవసాయం 15.3 శాతం, దుస్తులు 12.8 శాతం. "చూశారా, వ్యవసాయానిది రెండో స్థానం" అని ఆ మిత్రుడు సంబరపడ్డాడు.

అక్కడ కూర్చున్నది నలభై మందిమి. అందరం సాగు చేసేవాళ్ళమే. మీలో ఎవరికైనా ట్రేడ్‌మార్కు ఉందా అని అడిగాం. ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక వరుసలో నుంచి ఒక పెద్దాయన, "మా బర్రె చెవికి వేసిన ట్యాగు తప్ప మాకే మార్కూ లేదయ్యా" అన్నాడు. నవ్వుకున్నాం గానీ ఆ 15.3 శాతం సంగతేమిటో తేల్చుకోకుండా వదలబుద్ధి కాలేదు.

తేల్చుకుంటే తెలిసింది ఇది. ట్రేడ్‌మార్కులకు మొత్తం 45 తరగతులున్నాయి. అందులో ఆరు తరగతులు కలిపి 'వ్యవసాయం' అని లెక్క రాస్తారు. 31వ తరగతిలో విత్తనాలు, పచ్చి కూరగాయలు, ధాన్యం. అంతవరకు బాగానే ఉంది. 30లో బియ్యం, పిండి, కారం, పసుపుతో పాటు బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములు. 29లో నూనెలు, పచ్చళ్ళు, పాలపొడి, మాంసం. 32లో కూల్‌డ్రింకులు, బీరు. 33లో విస్కీ, బ్రాందీ. 43లో హోటళ్ళు, రెస్టారెంట్లు. ఇవన్నీ కలిస్తే ఆ నివేదిక దృష్టిలో వ్యవసాయం! హైవే పక్కన బిర్యానీ హోటల్ తెరిచి పేరు రిజిస్టర్ చేసినా, కొత్త బ్రాందీకి పేరు పెట్టినా అది మన ఖాతాలోకే వస్తుంది. మరి మనం ఏటా అప్పు చేసి కొనే పురుగుమందు ఏ ఖాతాలో ఉంది? మందులతో పాటు 5వ తరగతిలో. అది 'ఆరోగ్యం' లెక్క. బార్ వ్యవసాయం, మోనో ఆరోగ్యం. మోనో తాగి పోయిన రైతుల కుటుంబాలకు ఈ లెక్క ఎవరు చదివి వినిపిస్తారు?

అందుకని వ్యవసాయం రెండో స్థానంలో ఉందనగానే రైతు ముందుకొచ్చాడనుకోవద్దు.

ఇక 'దేశంలో ఉంటున్నవాళ్ళు' అనే మాట. దీనికి ఆధారం దరఖాస్తులో రాసిన చిరునామా. పంట ఎక్కడ పండింది, సరుకు ఏ ఊరిది, కోసిన కూలీ ఎవరు అన్న ప్రశ్నలు ఆ ఫారంలో లేవు. రాష్ట్రాలవారీ లెక్క కూడా ఇదే పద్ధతి. కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉండే కంట్రోలర్ జనరల్ కార్యాలయం ఏటా వేసే నివేదికలో ఏ రాష్ట్రం నుంచి ఎన్ని దరఖాస్తులొచ్చాయో పట్టిక ఇస్తారు. పై వరుసల్లో ఎప్పుడూ మహారాష్ట్ర, ఢిల్లీ, గుజరాత్ కనిపిస్తాయి. మహారాష్ట్ర అంటే పత్తి పండించే విదర్భ అనుకునేరు. ముంబయి, పుణె. ఢిల్లీ సంగతి మరీ విచిత్రం. ఆ రాష్ట్రం మొత్తం విస్తీర్ణం 1,483 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక రెవెన్యూ డివిజన్ అంత కూడా ఉండదేమో. అందులో పొలంగా మిగిలింది ఎంతో మీరే ఊహించుకోండి. అయినా దేశంలో పేర్ల పంట అక్కడే విరగపండుతోంది.

మన రెండు తెలుగు రాష్ట్రాలనే పక్కపక్కన పెట్టి చూడండి. 2011 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 5 కోట్ల మంది, తెలంగాణలో మూడున్నర కోట్లు. డెల్టాలు, మిర్చి, చేపలు, రొయ్యలు, మామిడి, అరటి అన్నీ కలిపితే ఆంధ్రప్రదేశ్‌లో సరుకుకు కొదవ లేదు. కానీ ట్రేడ్‌మార్కు దరఖాస్తుల్లో తెలంగాణ ఎంతో ముందుంది. తెలంగాణ రైతు మనకంటే తెలివైనవాడనీ, అక్కడ వ్యవసాయం బాగుపడిందనీ దీని అర్థం కాదు. అక్కడ హైదరాబాద్ ఉంది. 2014కు ముందు ఆ దరఖాస్తులన్నీ ఆంధ్రప్రదేశ్ ఖాతాలోనే ఉండేవి. గీత గీసిన మర్నాడు పేర్లు అటు పోయాయి, పొలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నల్గొండ రైతుకూ, నంద్యాల రైతుకూ ఈ పట్టికలో దక్కింది ఒక్కటే, సున్న. జిల్లాలవారీగా ఇస్తే ఈ బండారం బయటపడుతుంది. కానీ రాష్ట్రం పేరు దగ్గరే పట్టిక ఆగిపోతుంది.

బియ్యం సంచి చెప్పే కథ

పేర్లు పెరగడం, తరగడం వెనక ఎవరి లెక్కలుంటాయో బియ్యం వ్యాపారం చూస్తే తెలుస్తుంది. ఇది మనలో చాలామందికి కళ్ళెదుట జరిగినదే.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. రిజిస్టరైన బ్రాండు పేరుతో సంచిలో అమ్మే బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం పన్ను, పేరు లేకపోతే పన్ను లేదు. అంతే, అంతవరకు మా బ్రాండు, మా పేరు అని రొమ్ము విరుచుకున్న వ్యాపారులు కొందరు ఆ పేర్లను రిజిస్టరు నుంచి తీసేయించుకోవడానికి పరుగెత్తారు. సెప్టెంబరు 9న హైదరాబాద్‌లోనే జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో దానికి అడ్డుకట్ట వేశారు. 2017 మే 15 నాటికి రిజిస్టరై ఉంటే చాలు, తర్వాత తీసేయించుకున్నా పన్ను కట్టాల్సిందే అన్నారు. తర్వాత 2022 జులై 18 నుంచి పద్ధతే మార్చారు. బ్రాండు ఉన్నా లేకున్నా ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కేజీల లోపు సంచికి 5 శాతం. 25 దాటితే పన్ను లేదు. ఇంకేముంది, మార్కెట్లోకి 26 కేజీల బస్తా దిగింది. మీ ఊరి కిరాణా కొట్లో ఇప్పుడు కూడా చూడవచ్చు. ఆ ఒక్క కేజీ బియ్యం జనం మీద ప్రేమతో ఎక్కువ పోసింది కాదు.

ఈ ఆటలో మన స్థానం ఎక్కడ? సంచిలో ఉన్నది చాలాసార్లు బిపిటి 5204. బాపట్ల పరిశోధన కేంద్రంలో ప్రజల డబ్బుతో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి. రైతు నారు పోసి, నాటు వేసి, నీళ్ళ కోసం కాలవ గట్టున రాత్రుళ్ళు కాపలా కాసి పండించినది. తేమ ఎక్కువుందని, నూక పోతుందని, రంగు మారిందని తరుగు తీసి తీసుకుపోతారు. మిల్లులో పాలిష్ పట్టాక దానికి దేవుడి బొమ్మో, పువ్వు బొమ్మో వేసిన పేరు వస్తుంది. శాస్త్రవేత్త పేరు లేదు, ఊరి పేరు లేదు, రైతు పేరు లేదు. మనం కూడా ఆ పేరు చూసే కొంటాం, అదొకటి. పండించిన వడ్లన్నీ కల్లంలోనే అమ్ముకుని, ఆరు నెలలు తిరక్కముందే సంచి కొని మోసుకొచ్చే రైతులు మాలోనే సగం మంది ఉన్నారు.

విత్తనం దగ్గరకు వెళితే చట్టమే ఈ గీత గీసింది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ చదవండి. రైతు తాను పండించిన విత్తనం దాచుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్పిడి చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ చట్టం కింద రక్షణ పొందిన రకమైతే బ్రాండు పేరుతో ప్యాక్ చేసి అమ్మకూడదు. ఈ హక్కు కోసం రైతు సంఘాలు పోరాడాయి, అది మంచి చట్టమే. అయినా చివరికి వచ్చిన అర్థం చూడండి. పండించు, పంచు, అమ్ము, పేరు మాత్రం పెట్టకు.

మా చెరువు పేరు పోయిన సంగతి

ఇప్పుడు మా అనుభవం చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాం.

మా మండలంలో రెండు వందల మందికి పైగా మిర్చి రైతులం కలిసి ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్నాం. యార్డుకు టిక్కీలు వేసుకుపోయి, కమీషన్, హమాలీ, తాలు కోత అన్నీ పోగా మిగిలింది లెక్కపెట్టుకోవడం విసుగెత్తి, కొంతైనా కారం పట్టించి అమ్ముదామనుకున్నాం. తొడిమలు తీసే పని మా ఆడవాళ్ళే చేశారు. పేరు ఏం పెట్టాలని పెద్ద చర్చ జరిగింది. దేవుడి పేరంటే కులాల గొడవ, నాయకుడి పేరంటే పార్టీ గొడవ. చివరికి మా ఊరి చెరువు పేరు పెట్టాం. ఆ చెరువు నీళ్ళు అందరూ తాగినవే కదా, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

మూడేళ్ళు అమ్మాం. సంక్రాంతి సంతల్లో, విజయవాడ అపార్ట్‌మెంట్లలో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మా పిల్లల స్నేహితులకు. అమ్మింది కొద్దిపాటి సరుకే. కానీ తిన్నవాళ్ళు మళ్ళీ అడిగారు. నాలుగో ఏడు రిజిస్టర్ పోస్టులో ఒక వకీలు నోటీసు వచ్చింది, ఇంగ్లీషులో. రిటైరైన హెడ్మాస్టరు గారి ఇంటికి తీసుకుపోయి చదివించుకున్నాం. ఒక పట్నంలో కారం, మసాలాల వ్యాపారి అదే పేరును 30వ తరగతిలో రిజిస్టరు చేయించుకున్నాడు. మేం ఆ పేరు వాడటం నేరమట. 15 రోజుల్లో ఆపాలట, ఇప్పటిదాకా అమ్మిన సరుకుకు లెక్క చెప్పాలట. ఆయన మా చెరువు ఎప్పుడైనా చూశాడో లేదో మాకు తెలియదు.

వకీలు దగ్గరకు వెళ్ళాక ఒక్కొక్కటిగా తెలిసింది. ఎవరైనా పేరుకు దరఖాస్తు పెడితే పరిశీలన అయ్యాక ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో వేస్తారు. అది వారం వారం వస్తుంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు నాలుగు నెలల్లోపు చెప్పాలి. చెప్పకపోతే పేరు దరఖాస్తు పెట్టినవాడిదే. మా చెరువు పేరు ఆ జర్నల్‌లో వచ్చింది, నాలుగు నెలలు గడిచాయి, పోయింది. ఆ నాలుగు నెలలూ మేం కోతల్లో ఉన్నాం. పల్లెటూళ్ళో ఎవడండీ సోమవారం సోమవారం ఆ జర్నల్ చదివేది?

అయినా చట్టంలో ఒక దారి ఉంది. 34వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేయించుకున్నవాడి కంటే ముందు నుంచీ ఆ పేరును విడవకుండా వాడుతున్నవాణ్ణి ఆపడానికి లేదు. వకీలు ఆ మాట చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. "మరి బిల్లులేవి?" అన్నాడు ఆయన. మేం అమ్మింది నోటు పుస్తకంలో రాసుకుని. మూడు వందల ప్యాకెట్లు ఫలానా అపార్ట్‌మెంట్, డబ్బు ముట్టింది. అంతే. కవర్లు అచ్చు వేయించిన బిల్లు దొరికింది గానీ దాని మీద మా సంఘం పేరు లేదు, మా అధ్యక్షుడి ఇంటి పేరు రాశాడు ప్రెస్సువాడు. మొదటి ఏడాది ఫోటోలు ఎవరి ఫోన్లోనో ఉండాలి, ఆ ఫోను ఎప్పుడో పోయింది. కోర్టుకు పోతే నెగ్గవచ్చు, ఏళ్ళు పడుతుంది, ఖర్చు ఇంత అని వకీలు చెప్పిన అంకె మా ఏడాది లాభం కంటే ఎక్కువ. లేచి వచ్చేశాం.

అచ్చు వేసిన రెండు వేల కవర్లు ఇప్పటికీ గోడౌన్ అటక మీద ఉన్నాయి. పేరు మార్చి అమ్ముతుంటే పాత ఖాతాదారులు ఫోన్ చేసి "మీ చెరువు కారం మానేశారా, ఇది ఆ రుచి లేదు" అంటున్నారు. కాయ అదే, మర అదే, పట్టించినది అదే మనిషి. పేరుకు రుచి కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది మాకు.

తప్పు మాదీ ఉంది. దరఖాస్తు ఫీజు చూస్తే వ్యక్తికైనా, చిన్న సంస్థ అని రుజువు చూపించిన సంఘానికైనా ఆన్‌లైన్‌లో ఒక తరగతికి 4,500 రూపాయలు. మిగతావాళ్ళకు 9,000. పదేళ్ళకోసారి కొత్త చేసుకోవాలి. రెండు వందల మంది రైతులు మనిషికి పాతిక రూపాయలు వేసుకుంటే అయిపోయేది. ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పదివేల ఎఫ్‌పీఓలు పెడతామని 2020లో కేంద్రం 6,865 కోట్ల పథకం తెచ్చింది. మా వైపు జరిగిన శిక్షణలన్నిటికీ వెళ్ళాం. కిట్లు ఇచ్చారు, భోజనాలు పెట్టారు, 'వాల్యూ ఎడిషన్' అని వందసార్లు అన్నారు. ఇదిగో ఈ ఫారం, ముందు పేరు కాపాడుకోండి అన్నవాడు ఒక్కడు లేడు.

ఆ ఫారం కూడా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. మన పేరును తెలుగు అక్షరాల్లో రాసి రిజిస్టరు చేయించాలంటే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి జతచేయాలి. తెలుగు నేల మొత్తానికి ఆఫీసు చెన్నైలో. దేశంలో ఉన్నవి ఐదే ఆఫీసులు, ముంబయి, అహ్మదాబాద్, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై. దరఖాస్తులు ఎక్కడ ఎక్కువ వస్తున్నాయో పట్టిక వేసి చూపించే పెద్దలు, ఆ పక్కనే ఈ ఐదు ఊళ్ళ పేర్లు కూడా రాస్తే చాలా సందేహాలు తీరిపోతాయి.

ఊరి పేరుకు రక్షణ ఉందిగా అంటారేమో

భౌగోళిక గుర్తింపు అని ఇంకో చట్టం ఉంది. గుంటూరు సన్నం మిర్చికి, బనగానపల్లె మామిడికి, అరకు కాఫీకి అది వచ్చింది. వచ్చిన రోజు పేపర్లలో ఫోటోలు, స్వీట్లు. కానీ ఆ గుర్తింపు కోసం ఎవరి పేరున దరఖాస్తు పెట్టారో చూడండి. గుంటూరు సన్నానికి స్పైసెస్ బోర్డు. అరకు కాఫీకి కాఫీ బోర్డు. గుంటూరు పేరుతో సరుకు అమ్మే హక్కు రావాలంటే రైతు 'అధీకృత వినియోగదారు'గా విడిగా నమోదు చేసుకోవాలి. మీలో ఎంతమంది చేసుకున్నారు? మిర్చి యార్డులో ఇరవయ్యేళ్ళుగా టిక్కీలు దించుతున్న మాలో ఒక్కరూ చేసుకోలేదు. యార్డులో ఏ కమీషన్ ఏజెంటూ ఆ కాగితం ఉందా అని అడగడు, ఉంటే రూపాయి ఎక్కువ ఇవ్వడు.

ఈ విషయంలో మాత్రం తెలంగాణ సోదరులను మెచ్చుకోవాలి. తాండూరు కందికి 2022లో వచ్చిన గుర్తింపుకు దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. వరంగల్ చపాటా మిర్చికి 2025లో వచ్చింది, అది తిమ్మంపేట మిర్చి రైతుల కంపెనీ పెట్టినది. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వెనక నిలబడ్డారు, రైతుల సంస్థ ముందు నిలబడింది. వాళ్ళకు దీనివల్ల క్వింటాకు ఎంత కలిసొస్తుందో ముందు ముందు చూడాలి. కానీ పేరు వాళ్ళ చేతిలో ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చే వేల దరఖాస్తుల కంటే ఈ రెండూ మాకు పెద్దవిగా కనిపిస్తున్నాయి.

ఇక అమూల్ మాట. పేరు ఎవరి సొత్తుగా ఉండాలో అడిగినవాళ్ళకు మేం చూపించేది అదే. ఆ పేరుకు యజమాని గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్. 1946లో పాల వ్యాపారుల దోపిడీ మీద తిరగబడి రైతులు పెట్టుకున్న సంఘం. ఇవాళ లక్షల కుటుంబాల పాలు ఆ పేరు మీద అమ్ముడవుతున్నాయి. వినియోగదారు పెట్టే రూపాయిలో 80 పైసలకు పైగా పాలు పోసినవాళ్ళకే చేరుతుందని ఆ సంస్థ చెబుతుంది. ట్రేడ్‌మార్కు లెక్కలో చూస్తే అది గుజరాత్ వరుసలో ఒక్క అంకె. పక్కనే ఏదో గుట్కా కంపెనీ పేరు కూడా ఒక్క అంకె. ఈ పట్టికలు రెంటికీ తేడా చూపించలేవు. మన చిత్తూరులో సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఆవులు అక్కడే ఉన్నాయి, పాలు పితికే చేతులు అక్కడే ఉన్నాయి, ప్యాకెట్ మీద పేర్లు మాత్రం ప్రైవేటువాళ్ళవి అయ్యాయి.

అయితే అమూల్ నుంచి నేర్చుకోవాల్సింది సగమే చెప్పి మిగతా సగం దాచేవాళ్ళున్నారు. వాళ్ళతో జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడు మంత్రుల నుంచి కలెక్టర్ల దాకా నోరు తెరిస్తే బ్రాండింగ్. గిట్టుబాటు ధర అడిగితే బ్రాండింగ్ చేసుకోండి అంటున్నారు. మిర్చికి మద్దతు ధర లేదు, ఆ జాబితాలోనే లేదు. 2025 ఫిబ్రవరిలో ధర కూలిపోయి యార్డు దగ్గర రైతులు ఏడుస్తుంటే కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలని, 2.91 లక్షల టన్నులని ప్రకటించింది. అందులో మీ ఖాతాలో పడింది ఎంతో పాసుబుక్కు తీసి చూసుకోండి. అదే నెలలో కొట్లో కారం ప్యాకెట్ ధర తగ్గడం మేమైతే చూడలేదు. పేరున్నవాడికి కాయ ధర పడిపోతే లాభం. పేరు లేనివాడికి అప్పు.

కాబట్టి పేరు ముఖ్యం కాదని మేం అనడం లేదు. కానీ ఖేడా రైతులకు ముందు పేరు రాలేదు. ముందు రోజుకు రెండు పూటలా పాలు కొనే కేంద్రం వచ్చింది, తూకం వచ్చింది, వెన్న శాతం కొలిచే పద్ధతి వచ్చింది, డబ్బు చేతికి వచ్చింది. పేరు 1950ల్లో వచ్చింది. కొనేవాడు లేకుండా పేరు ఒక్కటే ఇచ్చి పొమ్మంటే అది మా గోడౌన్ అటక మీద కవర్ల లాంటిదే. ఐదేళ్ళకు పైగా వాడని పేరును రిజిస్టరు నుంచి కొట్టేయమని ఎవరైనా అడగవచ్చని చట్టంలోనే ఉంది. మద్దతు ధరకు చట్టబద్ధత, సి2 మీద 50 శాతం అనే మన డిమాండ్ పక్కన బ్రాండింగ్ ఉండవచ్చు. దాని స్థానంలో కూర్చోడానికి వీల్లేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నాయి, అవేం కోట్లు ఖర్చయ్యేవి కావు. ఏటా వేసే ఆ పట్టికలో రాష్ట్రం పక్కన జిల్లా వేయండి. 29, 30, 31 తరగతుల్లో వచ్చిన దరఖాస్తుల్లో రైతు సంఘాలవి, సహకార సంఘాలవి, ఎఫ్‌పీఓలవి ఎన్నో విడిగా చూపించండి. హోటళ్ళనూ బీరునూ వ్యవసాయం అనడం మానండి. ఒక ఊరి పేరో, చెరువు పేరో, కొండ పేరో తిండి సరుకుకు ఎవరైనా అడిగితే ఆ సంగతి ఆ మండలంలో తెలుగులో తెలిసేట్టు చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి, గోడ మీద ఒక కాగితం అంటిస్తే పోయేదేమిటి? రైతుల ఉమ్మడి సంస్థల దరఖాస్తుకు ఫీజు తీసేయండి. సభ్యులందరూ వాడుకునే ఉమ్మడి మార్కుకు 1999 చట్టంలోనే వీలుంది, దాన్ని ఎఫ్‌పీఓలకు చెప్పే బాధ్యత వ్యవసాయ శాఖ తీసుకోవాలి.

మన పని మనం చేయాలి. పేరు పెట్టి ఏ సరుకు అమ్ముతున్నా, అది పది ప్యాకెట్లయినా సరే, అచ్చు బిల్లు పుస్తకం పెట్టండి. బిల్లు మీద సంఘం పేరు, ప్యాకెట్ పేరు, తేదీ ఉండాలి. కవర్లు వేసిన ప్రెస్సు బిల్లు సంఘం పేరునే తీసుకోండి. మొదటి ప్యాకెట్ ఫోటో తీసి నలుగురి దగ్గర ఉంచండి. కొత్త పేరు అనుకోగానే అంతకుముందు ఎవరైనా తీసుకున్నారేమో ట్రేడ్‌మార్కుల వెబ్‌సైట్లో వెతికించండి, చదువుకున్న మన పిల్లలు పది నిమిషాల్లో చూసి చెబుతారు.

ఇంకో చిన్న పని. ఈ నెలలో ప్రతి గ్రామ శాఖ వాళ్ళు మీ ఊరి కొట్లో ఉన్న బియ్యం సంచులు, కారం, పసుపు, కందిపప్పు ప్యాకెట్లు చూసి, పేరు ఏమిటో, కింద చిన్న అక్షరాల్లో ఉన్న చిరునామా ఏ ఊరిదో, కేజీ ధర ఎంతో, అదే సరుకు మీ ఊళ్ళో రైతు ఎంతకు అమ్మాడో నాలుగు గడులు గీసి రాసి పంపండి. వచ్చిన కాగితాలన్నీ కలిపి మన జిల్లా పట్టిక మనమే వేసి వచ్చే సంచికలో అచ్చు వేస్తాం. మా ఊరిది మొదలుపెట్టాం. పదకొండు ప్యాకెట్లు చూశాం, ఒక్కదాని మీదా మన జిల్లా చిరునామా లేదు.